దొంగల అలారం వైరుదా, వైర్‌లెస్‌దా? ముందు గోడ చూడండి

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవులు, పెళ్లిళ్లు, తిరుమల ప్రయాణాలు దగ్గర పడేకొద్దీ అనంతపురం, కర్నూలు, కడపల్లో దొంగల అలారాల బేరాలు ఊపందుకుంటాయి. అంగడికి వెళ్లినవారికి ఎక్కువగా వినిపించేది "వైర్ల కాలం పోయింది సార్, వైర్‌లెస్ తీసుకోండి, అరగంటలో బిగించేస్తాం" అన్న మాట. ఇంకోపక్క పాత ఎలక్ట్రీషియన్లు వైర్‌లెస్‌ను నమ్మొద్దంటారు. రెండూ ఇల్లు చూడకుండా చెప్పే మాటలే. గోడ దేనితో కట్టారు, ఇల్లు ఇప్పుడు ఏ దశలో ఉంది అన్న రెండు సంగతులు తెలిస్తే ఈ తగువు సగానికి పైగా తీరిపోతుంది. ఇళ్లల్లో అలారాలు బిగించే పనిలో ఉన్నవాళ్లుగా మాకు తెలిసిన వివరాలు పాఠకుల ముందు పెడుతున్నాం. కాస్త పొడవైనా పూర్తిగా ప్రచురించమని మనవి.

పాత పేటల్లో, పల్లెల్లో రాతిగోడల మిద్దెలు ఇంకా చాలానే ఉన్నాయి. గోడ మందం అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగులు. కింద కడప బండలో, తాడిపత్రి బండలో, బేతంచెర్ల రాయో పరిచి ఉంటుంది. పైన దూలాలు, మట్టికప్పు, మధ్యలో వెలుతురుకు గవాచి. ఇలాంటి గోడలో పైపు దాచాలంటే గాడి కొట్టాలి. రాయికి గాడి కొడితే ఎక్కడ పగులుతుందో చెప్పలేం, సందుల్లోని మట్టి రాలుతుంది, తర్వాత ఎంత సిమెంటు పూసినా అతుకు కనబడుతూనే ఉంటుంది. ఈ ఇళ్లకు వైర్‌లెస్సే సరి. ఇంత మందం రాయి రేడియో తరంగాన్ని కూడా మింగేస్తుందని మాత్రం మరిచిపోకూడదు. డబ్బా మీద రాసే 100 మీటర్లు ఏ అడ్డూ లేని బయలులో లెక్క. రెండు రాతిగోడలు దాటేసరికి పది మీటర్లకే సిగ్నల్ నీరసపడొచ్చు. అందుకే ప్యానెల్‌ను, అంటే సెన్సార్ల కబురు అందుకుని సైరన్ మోగించే పెట్టెను, చివరి గదిలో కాకుండా ఇంటి నడిమధ్య, పడసాలకు ఆనుకున్న గదిలో పెట్టించాలి. అప్పటికీ అందకపోతే మధ్యలో సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ పెట్టాలి. సెన్సార్లను మొదటిరోజే అతికించేయొద్దు. వాటి స్థానాల్లో తాత్కాలికంగా నిలిపి, బీరువాలు, మంచాలు ఉండేచోటే ఉంచి, వాకిళ్లన్నీ మూసి, ఒక రోజంతా ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. పదిసార్లు తెరిస్తే పదిసార్లూ ప్యానెల్‌కు అందాలి. తొమ్మిదిసార్లు అందితే ఆ చోటు మార్చాల్సిందే. గవాచికి ఒక సెన్సార్ పెట్టడం చాలామంది మరిచిపోతారు. మిద్దె ఎక్కిన దొంగకు వాకిలి కంటే అది దగ్గర.

కడుతున్న ఇంటి సంగతి పూర్తిగా వేరు. ఇటుక గోడలు లేచి ప్లాస్టింగు ఇంకా మొదలు కాలేదంటే, మా సలహాలో సందేహం లేదు: వైరు వేయించండి. ఆ దశలో పైపు, వైరుకయ్యే ఖర్చు ఇంటి మొత్తం ఖర్చులో కనబడదు. రంగులు కూడా అయ్యాక ఇదే పనికి గోడ కోయాలి, పూయాలి, మళ్లీ రంగు వేయాలి. అప్పుడు సామాను కంటే కూలీ ఎక్కువవుతుంది. ఒకసారి సరిగ్గా వేసిన రాగి వైరు ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. దానికి సెల్లు మార్చే పని లేదు. మధ్యలో ప్యానెల్ పాడైతే కొత్త ప్యానెల్‌ను అదే వైర్లకు కలుపుకోవచ్చు. వైర్‌లెస్‌లో ఆ కంపెనీ ప్యానెల్ దొరకడం ఆగిపోతే చాలాసార్లు సెన్సార్లు కూడా మార్చాల్సి వస్తుంది.

వైరు ఎంత మంచిదైనా పని చెడితే పనికిరాదు. అన్నిటికంటే ఎక్కువగా మాకు ఎదురయ్యే తప్పు ఒక చిన్న రెసిస్టరు (కరెంటుకు కొలతగా అడ్డుపడే ముక్క) దగ్గర జరుగుతుంది. వాకిలి సెన్సార్ అంటే ద్వారబంధంలో ఒక రీడ్ స్విచ్, తలుపు రెక్కలో ఒక అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపు స్విచ్ కలిసి ఉంటుంది, తెరిస్తే విడిపోతుంది. ప్యానెల్ ఆ రెండు తీగల్లోకి చిన్న కరెంటు పంపి, చివర ఉన్న రెసిస్టరు విలువను క్షణక్షణం కొలుస్తూ ఉంటుంది. ఈ విలువ కంపెనీని బట్టి 2.2 కిలో ఓమ్‌లో, 4.7 లేదా 5.6 కిలో ఓమ్‌లో ఉంటుంది. విలువ సరిగ్గా ఉంటే అంతా క్షేమం. తీగ తెగినా తలుపు తెరిచినా విలువ అమాంతం పెరుగుతుంది. ఎవరైనా దారిలో రెండు తీగలను కలిపేస్తే సున్నాకు పడిపోతుంది. రెండింట్లో ఏది జరిగినా ప్యానెల్ పసిగట్టాలి.

అలా పసిగట్టాలంటే రెసిస్టరు సెన్సార్ కొసన ఉండాలి. సెన్సార్ డబ్బాలో బియ్యపు గింజంత ముక్కను తీగకు అతికించడం బద్ధకమై, కొందరు అన్ని రెసిస్టర్లనూ ప్యానెల్ డబ్బాలోనే టెర్మినల్ దగ్గర మెలిపెట్టి బిగించేస్తారు. అలారం మోగుతుంది, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతుంది, యజమాని డబ్బు ఇచ్చేస్తాడు. కానీ ఆ రెండు తీగలు గోడలో ఎక్కడ ఒకదానికొకటి తగిలినా, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, ప్యానెల్‌కు మూసి ఉన్నట్టే కనబడుతుంది. మీ ఇంట్లో ఎలా ఉందో తేల్చుకోవడం సులువు. పని చేసినవారిని పిలిచి, టెస్ట్ మోడ్‌లో పెట్టించి, సెన్సార్ మూత విప్పమనండి. రంగు గీతల చిన్న ముక్క అక్కడే కనబడాలి. తర్వాత ఆ జోన్ (ప్యానెల్ విడిగా గుర్తించే లైను) తీగలు రెండింటినీ సెన్సార్ దగ్గర కలిపి చూపించమనండి. ప్యానెల్ వెంటనే ఫాల్ట్ చూపితే పని సవ్యంగా ఉంది. మౌనంగా ఉందంటే రెసిస్టరు తప్పుచోట ఉందని అర్థం, మార్చించుకోండి.

ఇంకో పొదుపు కూడా నష్టమే తెస్తుంది. వైరు కలిసొస్తుందని నాలుగు వాకిళ్లనూ వరుసగా ఒకే జోన్‌లో కలుపుతారు. రాత్రి రెండింటికి సైరన్ మోగితే పెరటి వాకిలా, మేడ మీద వాకిలా తెలియదు. ఒక సెన్సార్ పాడైతే నాలుగూ మూలన పడతాయి. ఎనిమిది జోన్ల ప్యానెల్ తీసుకుని ప్రతి వాకిలికీ, గదిలో మనిషి కదలికను ఒంటి వేడితో పట్టే ప్రతి పీఐఆర్ సెన్సార్‌కూ ప్యానెల్ నుంచి నేరుగా విడి వైరు లాగించండి. రెండు పడకగదుల ఇంటికి 120 నుంచి 150 మీటర్ల నాలుగు పోగుల వైరు పడుతుంది. మధ్యలో జాయింట్లు వద్దు. తప్పనిసరైతే సోల్డరు చేసి, విప్పి చూడగలిగే జంక్షన్ బాక్సులోనే ఉంచాలి. మెలిపెట్టి టేపు చుట్టి గోడలో పూడ్చిన జాయింటు ఒకటి రెండు వానాకాలాలకు చిలుము పట్టి, ఏ కారణమూ లేకుండా అర్ధరాత్రి ఊరంతటినీ లేపుతుంది.

వైరు కొనేటప్పుడు బ్లేడుతో పోగును గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం. అలారం వైరులో ఒక్కో పోగు సాధారణంగా 0.22 చదరపు మిల్లీమీటర్లు. అసలు రాగికి 100 మీటర్లకు దాదాపు 8 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, రాగి పూతదానికి దీనికి ఒకటిన్నర రెట్లకు పైనే. 30 మీటర్ల దూరంలో పీఐఆర్ పెడితే అది తీసుకునేది 15 మిల్లీఆంపియర్లే కాబట్టి మంచి రాగిలో వోల్టేజీ తగ్గుదల లెక్కలోకి రాదు. అదే పోగుల మీద అర ఆంపియర్ లాగే సైరన్ తగిలిస్తే, రానూపోనూ దూరం కలిపి రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. 12 వోల్టుల సైరన్‌కు 10 వోల్టులు కూడా అందక గొంతు పడిపోతుంది. కాబట్టి సైరన్‌కు విడిగా 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరు వైరు వేయించాలి. అలారం వైర్లను 230 వోల్టుల కరెంటు వైర్లున్న పైపులోకి ఎప్పుడూ తోయకూడదు. ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రమాదం, మోటరు ఆన్ చేసినప్పుడల్లా ఉత్తుత్తి అలారాలు అదనం. విడి పైపు వేసి, వీలైతే అడుగు దూరం ఉంచాలి. 20 మిల్లీమీటర్ల పైపులో నాలుగైదు అలారం వైర్లు సుఖంగా పడతాయి.

ప్యానెల్ డబ్బాలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ గురించి ఎవరూ అడగరు. దొంగ ముందుగా బయటిగోడ మీదున్న మీటరు దగ్గర కరెంటు తీసేయొచ్చు, ఆ క్షణం నుంచి ఇంటిని కాసేది ఈ బ్యాటరీయే. ప్యానెల్‌కు 100 మిల్లీఆంపియర్లు, ఆరు పీఐఆర్‌లకు 90 అనుకుంటే కొత్త బ్యాటరీ లెక్కప్రకారం 36 గంటలు రావాలి. కాస్త పాతబడ్డాక సగం వస్తే సంతోషించాలి. ఈ రకం లెడ్ బ్యాటరీకి 25 డిగ్రీల వేడి ఇష్టం. ఆపైన ప్రతి 8, 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి పడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. పైఅంతస్తులో ఎండ తగిలే గోడకు ప్యానెల్ బిగిస్తే నాలుగేళ్ల బ్యాటరీ రెండేళ్లకే చేతులెత్తేస్తుంది. కింది అంతస్తులో, నీడపట్టున, లోపలి గదిలో ప్యానెల్ పెట్టించండి. వాకిలి పక్కన కీప్యాడ్ ఒక్కటి చాలు. బ్యాటరీ పెట్టిన తేదీని దాని మీదే మార్కరుతో రాయించండి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయ్యే వస్తువు, మూడో ఏడు దాటనివ్వకుండా మార్చేయడం మేలు.

ఇక వైర్‌లెస్. ఇందులో రెండు జాతులున్నాయి, బయటికి రెండూ ఒకేలా తెల్లగా అందంగా కనబడతాయి. మొదటిది ఒకవైపు మాత్రమే మాట్లాడేది. తలుపు తెరిస్తే సెన్సార్ ఒక కోడ్ పంపుతుంది, అంతే. అది ప్యానెల్‌కు అందిందో లేదో దానికి తెలియదు. దానిలో సెల్లు అయిపోయినా, ఎవరైనా పీకి పారేసినా ప్యానెల్‌కు తెలియదు. ఫోనులో "అంతా బాగుంది" అనే కనబడుతుంది. పైగా ఈ చవక సెట్లలో చాలావాటికి కోడ్ ఎప్పుడూ మారదు. మారని కోడ్‌ను గాలిలోంచి పట్టి తిరిగి వాడడం కష్టమేమీ కాదు, ముఖ్యంగా అలారాన్ని ఆపే రిమోట్ కోడ్‌ను. రెండోది రెండువైపులా మాట్లాడేది. సెన్సార్ పంపిన మాటకు ప్యానెల్ జవాబిస్తుంది, జవాబు రాకపోతే సెన్సార్ మళ్లీ పంపుతుంది. ఏ అలజడీ లేకున్నా కొన్ని నిమిషాలకోసారి "నేనున్నాను" అని కబురు పంపుతుంది. ఆ కబురు ఆగిపోతే ప్యానెల్ మీకు చెబుతుంది. కోడ్ ప్రతిసారీ మారుతుంది. అదే ఫ్రీక్వెన్సీలో ఎవరైనా అడ్డు తరంగాలు వదిలితే జామింగ్ అని గుర్తుపడుతుంది. ధర తేడా రెండు మూడు రెట్లు ఉండొచ్చు, అయినా ఇల్లు కాయడానికి మేం రెండో రకాన్నే చెబుతాం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50131 ప్రకారం గ్రేడ్ 2 అని డబ్బా మీద ఉంటే ఈ గుణాలు ఉంటాయని చాలావరకు నమ్మొచ్చు. అంగట్లోనే పరీక్షించే దారి కూడా ఉంది. సెన్సార్‌లోంచి సెల్లు తీసేసి, ఎంతసేపటికి ప్యానెల్ ఫిర్యాదు చేస్తుందో చూపించమనండి. గంటలు గడిచినా ఉలకని సెట్టును అక్కడే వదిలి రండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిపెట్టే కిట్ల గురించి ఒక హెచ్చరిక. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి పరికరాలు వాడుకోగలిగేది ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య. అక్కడి జెడ్‌వేవ్ అనే రేడియో పద్ధతి కిట్లు 908 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దగ్గర 890 నుంచి 915 దాకా సెల్‌ఫోన్లు టవరుతో మాట్లాడే పట్టీ. ఆ కిట్టు ఇక్కడ పెట్టడం నియమాలకు విరుద్ధం, చుట్టూ ఫోన్ల గోలలో దాని సిగ్నల్ కూడా నమ్మదగ్గది కాదు. అడాప్టరు 120 వోల్టులదైతే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోవడం ఇంకో సంగతి.

ఇనుప తలుపుల దగ్గర వైర్‌లెస్‌కు రెండు దెబ్బలు తగులుతాయి. అయస్కాంత బలాన్ని ఇనుము లాక్కుంటుంది కాబట్టి, చెక్క తలుపుకు 15 మిల్లీమీటర్ల ఎడం తట్టుకునే సెన్సార్ ఇనుప తలుపుకు అందులో సగం కూడా తట్టుకోకపోవచ్చు. సెన్సార్‌ను ఇనుప చట్రానికే అతికిస్తే దాని ఏరియల్ కూడా మందగించి దూరం తగ్గుతుంది. రెంటికీ మందు ఒకటే: సెన్సార్ కిందా, అయస్కాంతం కిందా 10 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ లేదా చెక్క ముక్క పెట్టి బిగించడం. కిట్టుతో వచ్చే రెండువైపుల టేపును నమ్మొద్దు. మే నెల ఎండకు ఇనుప తలుపు మీద బంక కరిగి సెన్సార్ జారి పడుతుంది. స్క్రూ వేయించండి. ప్రొద్దుటూరు లాంటి చోట కింద అంగడి, పైన కాపురం ఉండే ఇళ్లకు రోలింగ్ షట్టరే ముఖద్వారం. దానికి ఇంటి తలుపు సెన్సార్ సరిపోదు. షట్టర్లకని వచ్చే బరువైన, వైరున్న మెటల్ సెన్సార్‌ను నేలకు బిగించి, తోడుగా వైబ్రేషన్ సెన్సార్ పెట్టాలి. షట్టర్‌ను ఎత్తకుండా మధ్యలో వంచి దూరేవాళ్లను పట్టేది ఆ రెండోదే.

వైరుదైనా వైర్‌లెస్‌దైనా మన సీమలో పీఐఆర్ సెన్సార్‌కు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇది మోసంలేని వస్తువే, కానీ అది చూసేది మనిషిని కాదు, మనిషికీ వెనకున్న గోడకూ మధ్య వేడి తేడాను. మనిషి చర్మం వేడి 33, 35 డిగ్రీలు ఉంటుంది. గోడ 26 డిగ్రీలుంటే తేడా స్పష్టం. వేసవిలో పైఅంతస్తు గది తలుపులు, కిటికీలు మూసి పదిరోజులు ఊరెళితే స్లాబు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. అర్ధరాత్రి దాటాక కూడా గోడలు 35 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు సెన్సార్ ముందునుంచి మనిషి నడిచి వెళ్లినా తేడా కనబడక ఊరుకునే అవకాశం ఉంది. ఉష్ణోగ్రతను బట్టి సున్నితత్వం సర్దుకునే రకం తీసుకుంటే కొంత మెరుగు. మైక్రోవేవ్ కూడా కలిసిన డ్యూయల్ టెక్ సెన్సార్ పెడితే ఈ చిక్కు తీరుతుందని అమ్మేవాళ్లు చెబుతారు, అది సరికాదు. అందులో రెండూ ఒకేసారి ఒప్పుకుంటేనే అలారం. పీఐఆర్ గుడ్డిదైతే మైక్రోవేవ్ ఒక్కటీ చూసి లాభం లేదు. డ్యూయల్ టెక్ ఉపయోగం ఉత్తుత్తి అలారాలు తగ్గించడంలో ఉంది. వేసవికి అసలు రక్షణ పైఅంతస్తు వాకిళ్లకూ కిటికీలకూ కాంటాక్ట్ సెన్సార్లు (ముందు చెప్పిన అయస్కాంతం రకం) పెట్టి, పీఐఆర్‌ను కింద చల్లగా ఉండే నడవలో, మెట్లకు అడ్డంగా పెట్టడం.

పీఐఆర్‌ను ఏడు, ఏడున్నర అడుగుల ఎత్తున, గది మూలన పెట్టాలి. మనిషి దానికేసి నడిచి వచ్చేలా కాక, దాని ముందు అడ్డంగా దాటేలా ఉండాలి. అడ్డంగా కదిలినప్పుడే లెన్సు గీతలు ఒకదాని తర్వాత ఒకటి తెగి అది చప్పున పట్టుకుంటుంది. కిటికీకి ఎదురుగా వద్దు. అద్దంలోంచి మనిషి వేడి కనబడదు గానీ, సూటిగా పడే ఎండ దాన్ని తికమక పెడుతుంది. ఇక బల్లి. లెన్సు మీద పాకిన బల్లి సెన్సార్‌కు గదినిండా కదిలిన ఆకారంలా కనబడుతుంది. సెన్సార్ వెనక వైరు వచ్చే కన్నాన్ని సిలికాన్‌తో మూసేస్తే చీమలు, సాలీళ్లు లోపలికి రావు, పైన ట్యూబులైటు లేకుండా చూస్తే పురుగులూ వాటికోసం బల్లులూ తగ్గుతాయి.

వైర్‌లెస్ పీఐఆర్‌కు ఇంకో అలవాటుంది. సెల్లు మిగుల్చుకోవడానికి ఒకసారి కదలిక పట్టాక రెండు మూడు నిమిషాలు నిద్రపోతుంది. ఇది తెలియక ముందునుంచి పదిసార్లు తిరిగి చూసి "పనిచేయడం లేదు" అని తిప్పి పంపేవాళ్లున్నారు. టెస్ట్ మోడ్‌లో పెట్టి చూడాలి, లేదా మూడు నిమిషాలు గదిలోంచి బయట ఉండి తిరిగి రావాలి. రోజంతా పిల్లలు తిరిగే హాలులో పెడితే రెండేళ్ల సెల్లు ఏడాదికే అయిపోతుంది. సెల్లు మార్చేటప్పుడు ఇంట్లోని అన్ని సెన్సార్లకూ ఒకేసారి, కంపెనీ చెప్పిన రకమే వేయాలి.

అనంతపురం జిల్లాలో ఆషాఢ మాసం గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గొళ్లెం వదులుగా ఉన్న తలుపు ఆ గాలికి అర అంగుళం ఆడితే చాలు, కాంటాక్ట్ విడిపోయి సైరన్ మోగుతుంది. సెన్సార్‌ను తిట్టేముందు గొళ్లెం బిగించాలి. పెరట్లో చెట్టుకు ఎదురుగా పీఐఆర్ పెట్టించుకున్నవారు నాలుగు రాత్రులు ఓపిక పట్టి అయిదో రాత్రి దాన్ని ఆపేస్తారు. ఇరుగుపొరుగు కూడా అప్పటికి ఆ మోతను పట్టించుకోవడం మానేస్తారు. బయట ఎండకు, గాలికి తట్టుకునేలా తయారైన సెన్సార్ దొరక్కపోతే ఆవరణను వదిలేసి ఇంటి చర్మం లాంటి వాకిళ్లు, కిటికీలనే కాయడం నయం.

మే, అక్టోబరు నెలల ఉరుములు వైరు అలారానికి పెద్ద గండం. ఆవరణ దాటి గేటు దాకా, మేడ మీది నీళ్లట్యాంకు దాకా లాగిన వైరు పిడుగు దగ్గర్లో పడితే చాలు, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ (సర్జ్) తెచ్చి ప్యానెల్‌ను కాల్చేస్తుంది. అందుకే ఇల్లంతా వైరు వేసినా గేటుకు మాత్రం వైర్‌లెస్ సెన్సార్ పెట్టమంటాం. ఇంటి గోడ దాటి రాగి తీగ బయటికి పోకపోతే ఆ దారి మూసుకుంటుంది. రెండు రకాలనూ తీసుకునే హైబ్రిడ్ ప్యానెల్ ఇందుకే. కింది అంతస్తు ఇప్పుడు కట్టి, పైది అయిదేళ్లకు వేసుకునే ఇళ్లకు కూడా అదే అనువు. ఎర్తింగ్ మాట కూడా చెప్పాలి. మన రాతినేలలో, ఎండిన ఎర్రమట్టిలో ఎర్త్ గుంత వేసవిలో పేరుకే ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వేసవంతా వారానికోసారి నీళ్లు పోయాలి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించినా ఎర్త్ బాగా లేకపోతే అది అలంకారమే.

అలారం మోగడంతో పాటు ఫోనుకు కబురు రావాలి. వైఫై ఒక్కదాని మీదే నడిచే సెట్టు కరెంటు పోగానే రౌటర్‌తో పాటు మూగదవుతుంది. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్పించుకోవడం మొదటి పని. అంతకంటే మేలు సిమ్ కార్డున్న ప్యానెల్. అందులోనూ చూసుకోవాల్సింది ఉంది. చవక ప్యానెళ్లలో చాలావాటికి 2జీ మోడెమే ఉంటుంది. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ అందులో పనిచేయదు. 4జీ ప్యానెల్ తీసుకోండి. ఊరికే పడి ఉండే సిమ్‌కు రీఛార్జ్ గడువు దాటిపోతే కాల్ వెళ్లదు. మేం చూసే "అలారం మోగింది, ఫోను రాలేదు" ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. ఏడాది ప్లాను వేయించి, గడువు తేదీని ప్యానెల్ డబ్బా మూత లోపల రాసిపెట్టండి.

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇంటి పెద్ద కువైట్‌లో ఉండి, మొదటి నంబరుగా తనదే పెట్టించుకోవడం మామూలు. మన సిమ్‌కు విదేశీ కాల్ సౌకర్యం విడిగా తెరిపిస్తే తప్ప ఆ కాల్ వెళ్లనే వెళ్లదు. వెళ్లినా ఆయన అక్కడినుంచి చేయగలిగింది ఇంకొకరికి ఫోన్ చేయడమే. మొదటి నంబరు పక్కింటివారిది, రెండోది అదే ఊళ్లో ఉండే బంధువుది పెట్టండి, కువైట్ నంబరుకు యాప్ ద్వారా కబురు వెళ్తే చాలు. కాల్ అందుకున్నవారు ఒంటరిగా లోపలికి వెళ్లకుండా, బయటినుంచి చూసి 112కు చెప్పాలి. ఊరెళ్లేముందు పోలీసు శాఖ ఎల్‌హెచ్‌ఎంఎస్ (బీగం వేసిన ఇళ్ల మీద నిఘా) ఏర్పాటు గురించి కూడా మీ స్టేషన్‌లో అడగండి. అది మీ ఊళ్లో ఉంటే, యాప్‌లో నమోదు చేసుకుంటే బీగం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, దానికి రుసుము లేదు. మీ అలారం ఉన్నా అది అదనపు కన్నే.

సైరన్ రెండు ఉండాలి. ఒకటి లోపల, ఒకటి బయట నిచ్చెన లేకుండా అందని ఎత్తున. బయటిది సొంత బ్యాటరీ ఉన్న రకమైతే, దాని వైరు కోసినా అది మోగుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలకు ఆగేలా పెట్టండి. గంటసేపు మోగే సైరన్ పొరుగువారికి శిక్ష.

నెలకోసారి, ఆదివారం పొద్దున పది నిమిషాలు కేటాయించండి. మెయిన్ ఎంసీబీ దించి, అలారం ఆన్ చేసి, ఒక్కో వాకిలి తెరిచి చూడండి. బ్యాటరీ మీద సైరన్ రెండు నిమిషాలు ఒకే గొంతుతో మోగాలి. గొంతు సన్నబడుతూ పోతే బ్యాటరీ రోజులు దగ్గరపడ్డాయి. పక్కింటివారికి ఫోను వెళ్లిందో లేదో అడగండి.

కొత్త ఇల్లు కడుతున్నవారికి ఇంకొక్క పని. గోడల్లో పైపులు వేయడం అయ్యాక, ప్లాస్టింగు మేస్త్రీ వచ్చే ముందురోజు, ప్రతి గోడ పక్కనా కొలత టేపు నిలబెట్టి ఫోటో తీసుకోండి. వైర్లు ఇప్పుడే లాగలేకపోయినా ఫరవాలేదు, తర్వాత వైరు లాగడానికి ప్రతి పైపులోనూ ఒక జీఐ తీగ దూర్చి రెండు కొసలూ బాక్సుల్లో చుట్టిపెట్టించండి. ద్వారబంధాలకు పాలిష్ కాకముందే పైకమ్మిలో, గొళ్లెం వైపు, 10 మిల్లీమీటర్ల కన్నం ఒకటి వేయించి ఉంచండి. ఆ కన్నం వడ్రంగికి అప్పుడు రెండు నిమిషాల పని. తలుపు బిగించి వార్నిష్ కొట్టాక టేకు ద్వారబంధానికి డ్రిల్లు పెట్టనిచ్చే యజమాని మాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇట్లు,
ఇళ్ల అలారాల పని చేసేవాళ్లం,
అనంతపురం